మెత్తని స్ప్రింగు, గట్టి చట్రం: కాలిన్ చాప్‌మన్ జీవితం

పందెపు కారు అనగానే బిరుసైన స్ప్రింగులు, ఒళ్ళు హూనమయ్యే ప్రయాణం స్ఫురిస్తాయి. ఈ అభిప్రాయాన్ని తలక్రిందులు చేసిన ఇంజనీరు కాలిన్ చాప్‌మన్. లోటస్ కార్ల నిర్మాతగా ప్రఖ్యాతి గాంచిన ఆయన జీవితం సాంకేతిక విద్యార్థులకు ఉత్తేజకరమైనది. ఒక హెచ్చరిక కూడా.

చాప్‌మన్ 1928 మే 19న ఇంగ్లండులోని రిచ్‌మండ్‌లో జన్మించారు. తండ్రి లండన్‌లోని హార్న్‌సీలో రైల్వే హోటల్ నడిపేవారు. చాప్‌మన్ యూనివర్సిటీ కాలేజ్ లండన్‌లో స్ట్రక్చరల్ ఇంజనీరింగ్ చదువుతూనే విమానం నడపడం నేర్చుకున్నారు. అనవసరమైన బరువును సహించని విమాన నిర్మాణ దృష్టి ఆయనకు జీవితాంతం తోడుగా నిలిచింది. 1948లో పాత ఆస్టిన్ సెవెన్ కారును విప్పి తన మొదటి కారును రూపొందించారు. 1952లో హేజెల్ విలియమ్స్ ఇచ్చిన అప్పుతో, తండ్రి హోటల్ వెనుక ఉన్న గుర్రపుసాలలో లోటస్ సంస్థను ప్రారంభించారు. 1954లో ఆమెనే వివాహమాడారు.

ఆయన పద్ధతికి ఆధారం మనం భౌతికశాస్త్రంలో చదివే సూత్రమే. స్ప్రింగు మీది బరువు ఊగే పౌనఃపున్యం, స్ప్రింగు బిరుసుకూ ద్రవ్యరాశికీ గల నిష్పత్తి వర్గమూలాన్ని బట్టి ఉంటుంది. సరుకుతో నిండిన లారీ కుదురుగా సాగుతుంది. అదే లారీ ఖాళీగా వస్తే ప్రతి గతుకుకూ ఎగిరిపడుతుంది. కమాను కట్టలు అవే, బరువు మాత్రమే తగ్గింది. తేలిక కారుకు బరువైన కారు స్ప్రింగులు బిగిస్తే జరిగేదీ ఇదే. చక్రం నేలను వదిలితే, ఆ క్షణంలో బ్రేకు గాని స్టీరింగు గాని పనిచేయదు. అందుచేత బరువు సగమైతే స్ప్రింగు బిరుసూ సగం కావాలి.

అయితే స్ప్రింగు మెత్తబడినంత మాత్రాన చాలదు. చట్రం మెలితిరిగితే అదే మరో స్ప్రింగుగా మారి చక్రాల అమరికను చెడగొడుతుంది. అందుకే చాప్‌మన్ చట్రాన్ని దృఢంగానూ, స్ప్రింగులను మెత్తగానూ ఉంచి, ఊగిసలాటను అదుపు చేసే పని షాక్ అబ్జార్బర్లకు అప్పగించారు. 1962లో వచ్చిన ఎలాన్ కారు ఇందుకు చక్కని నిదర్శనం. వెన్నెముక వంటి ఉక్కు చట్రం, ఫైబర్ గ్లాసు దేహం, సుమారు 700 కిలోల బరువు గల ఆ కారు మలుపుల్లో ఎంత చురుకైనదో గతుకుల మీద అంత సుఖమైనది. అదే ఏట వచ్చిన లోటస్ 25 పందెపు కారులో దేహాన్నే చట్రంగా మలిచారు. ఆ కారుతో జిమ్ క్లార్క్ 1963లో ప్రపంచ విజేత అయ్యారు.

తేలికదనానికి మరో ముఖం కూడా ఉంది. 1970 సెప్టెంబరు 5న ఇటలీలోని మోంజాలో లోటస్ కారు ముందు బ్రేకు ఇరుసు విరిగి, కారు రక్షణ కంచెను ఢీకొని జోకెన్ రింట్ మరణించారు. ఆ కంచె అమరికలోనూ లోపముంది. ఆ ఏడు ప్రపంచ విజేత కిరీటం మరణానంతరం ఆయనకే దక్కింది. బరువు ఎక్కడ తగ్గించవచ్చునో, ఎక్కడ తగ్గించరాదో ఈ విషాదం కఠినంగా బోధించింది.

1978లో కారు అడుగున ప్రవహించే గాలితో నేలకు అదుముకునే లోటస్ 79 విజయం సాధించింది. కాని ఆ విధానానికి మిక్కిలి బిరుసైన స్ప్రింగులు అవసరమై డ్రైవర్లు నలిగిపోయారు. పరిష్కారంగా చాప్‌మన్ 1981లో రెండు చట్రాల లోటస్ 88ను నిర్మించారు. గాలి ఒత్తిడిని ఒక చట్రం భరించగా, డ్రైవరు మరొక చట్రంలో మెత్తని స్ప్రింగులపై కూర్చుంటాడు. అధికారులు నిషేధించడంతో అది పందెంలో పాల్గొనలేదు. చివరిరోజులలో డెలోరియన్ సంస్థ నిధుల వ్యవహారం ఆయన పేరుకు మచ్చ తెచ్చింది. 1982 డిసెంబరు 16న, 54వ ఏట, గుండెపోటుతో కన్నుమూశారు. ఆయన హయాంలో ఆరంభమైన యాక్టివ్ సస్పెన్షన్ పరిశోధన ఫలించి, 1987లో మొనాకోలో అయర్టన్ సెన్నాకు విజయాన్ని అందించింది.

వంగవలసిన చోట వంగడం, నిలువవలసిన చోట నిలవడం మంచి యంత్రానికి లక్షణం. ఆ రెండు చోట్లనూ సరిగా గుర్తించే వివేకమే ఇంజనీరుకు అసలైన విద్య. చాప్‌మన్ విజయాలూ, ఆయన కార్లు తీసుకున్న ప్రాణాలూ మన విద్యార్థులకు నేర్పే పాఠం ఇదే.