డాక్టరు యల్లాప్రగడ సుబ్బారావు

కర్నూలు జిల్లా పశ్చిమభాగమున ఆదోని పత్తి వ్యాపారమునకును, ఎమ్మిగనూరు చేనేతకును పేరుపొందిన ఊళ్లు. నూలునకు రంగు వేయు పనివాడు మాదిరి పోగు నొకదానిని చేతబట్టుకొని, తాను ముంచి తీసిన చిలపను దానితో సరిచూచును. వన్నె పలుచగా నున్నచో రంగు చాలలేదనియు, చిక్కగా నున్నచో మించినదనియు అతడు చెప్పగలడు.

పాఠశాలలోని ప్రయోగశాలయందు విద్యార్థి చేయు పనియు ఇట్టిదే. సిర్కాలో ఆమ్లమెంత యున్నదో తెలిసికొనవలె ననుకొనుడు. కొలిచిన సిర్కాలో ఫినాల్ఫ్తలీను చుక్కలు రెండు మూడు వేసి, బలము తెలిసిన క్షారద్రావణమును బ్యూరెట్టు నుండి చుక్క చుక్కగా విడువవలెను. చాలసేపు మార్పేమియు నిలిచి కనబడదు. తుదకు ఒక్క చుక్కతో ద్రవమంతయు లేత గులాబివన్నె దాల్చును. అప్పటికి వ్యయమైన క్షారమును బట్టి సిర్కాలోని ఆమ్లమును లెక్క కట్టవచ్చును. దీనినే అంశమాపనమందురు. కంటికి కానరాని వస్తువు పరిమాణమును రంగు సాయమున తెలిసికొనుట ఇందలి కీలకము.

ఇట్లు రంగును సాక్షిగా గొని, మానవశరీరములోని గొప్ప రహస్యము నొకదానిని బయలుపరచిన ఆంధ్రుడు డాక్టరు యల్లాప్రగడ సుబ్బారావు.

ఆయన 1895వ సంవత్సరము జనవరి 12వ తేదీన భీమవరమున జన్మించెను. తండ్రి జగన్నాథము, తల్లి వెంకమ్మ. తండ్రి రెవిన్యూ శాఖలో చిన్న ఉద్యోగి. కుటుంబము పెద్దది, రాబడి స్వల్పము. సుబ్బారావునకు బాల్యమున చదువుపై శ్రద్ధ లేకుండెను. కాశికి పోయి యాత్రికులకు అరటిపండ్లమ్మి ధనము గడింపవలెనని ఒకమారు ఇల్లు విడిచి వెడలెను. దారిలోనే పట్టుబడి తిరిగి వచ్చెను. మెట్రిక్యులేషను పరీక్షలో రెండుమారులు తప్పెను. తల్లి పట్టు విడువలేదు. మూడవమారు మద్రాసు హిందూ ఉన్నత పాఠశాలనుండి ఆయన ఉత్తీర్ణుడయ్యెను.

పిమ్మట మద్రాసు వైద్యకళాశాలలో చేరెను. అది జాతీయోద్యమము దేశమంతటను వ్యాపించుచున్న కాలము. సుబ్బారావు ఖద్దరు వస్త్రములతో శస్త్రచికిత్స తరగతికి పోవుటచే ఆంగ్లేయ ఆచార్యుని ఆగ్రహమునకు పాత్రుడయ్యెను. అందుచే ఆయనకు పూర్తి వైద్యపట్టమునకు బదులు దానికంటె తక్కువదియగు ఎల్.ఎం.ఎస్. పట్టము మాత్రమే లభించెను.

ఇంతకంటె తీరని దుఃఖము వేరొకటి ఆయనకు కలిగెను. స్ప్రూ అను జీర్ణకోశవ్యాధి సోకి ఆయన సోదరులిద్దరు కొద్దికాలపు వ్యవధిలో మరణించిరి. ఆ వ్యాధియందు తిన్న ఆహారము ఒంట బట్టదు. రోగి రక్తహీనుడై నానాటికి క్షీణించును. వైద్యవిద్య నభ్యసించియు సోదరులను కాపాడలేకపోతినన్న వేదన సుబ్బారావును విడువలేదు. ఆ వ్యాధి ఆయనకును సోకెను. ఆయుర్వేద వైద్యుడు డాక్టరు ఆచంట లక్ష్మీపతి చేసిన చికిత్సచే ఆయన బ్రతికి బయటపడెను. ఆ పిమ్మట లక్ష్మీపతి నడుపుచున్న ఆయుర్వేద కళాశాలలో శరీరశాస్త్రమును బోధించుచు, వ్యాధుల మూలమును కనుగొనవలెనని నిశ్చయించుకొనెను.

1922వ సంవత్సరము అక్టోబరు నెలలో, మామగారి సాయముతోను, కాకినాడలోని ధర్మసంస్థ ఇచ్చిన సాయముతోను ఆయన అమెరికాలోని బోస్టను నగరము చేరెను. భార్య శేషగిరి స్వదేశముననే యుండెను. చేత ధనము లేదు. పగలు హార్వర్డు విశ్వవిద్యాలయమున చదువుచు, రాత్రులు ఆస్పత్రిలో రోగుల మలమూత్రపాత్రలను శుభ్రపరచు కొలువు చేసి ఆయన పొట్ట పోసికొనెను.

తరువాత హార్వర్డులో ఫిస్కే అను ఆచార్యుని కడ జీవరసాయనశాస్త్రమున పరిశోధన ప్రారంభించెను. రక్తమునందును, మూత్రమునందును భాస్వరమెంత యున్నదో కొలుచుటకు సులభమైన మార్గమును కనుగొనుట ఆయన చేపట్టిన పని. ద్రవములోని ఫాస్ఫేటు మాలిబ్డేటుతో కలిసి, మరియొక రసాయనము తోడ్పాటుతో నీలవర్ణమును పొందును. భాస్వరమెంత హెచ్చుగా నున్నచో నీలి అంత చిక్కనగును. ఆ నీలిని, భాస్వరపు పరిమాణము ముందే తెలిసిన వేరొక ద్రావణపు నీలితో వర్ణమాపక యంత్రమున సరిచూడవలెను. ఎమ్మిగనూరు పనివాడు చిలపను మాదిరితో సరిచూచుట వంటిదే ఇది. 1925వ సంవత్సరమున ప్రకటితమైన ఈ విధానమునకు ఫిస్కే–సుబ్బారావు పద్ధతి యని పేరు వచ్చెను. పెక్కు దేశములలోని ప్రయోగశాలలు దానిని దశాబ్దములపాటు వాడుకొనినవి.

అయితే ఈ పద్ధతిని కండరములపై ప్రయోగించినపుడు ఒక చిక్కు ఎదురయ్యెను. కండరమునుండి తీసిన ద్రవములో నీలి ఒక్కమారుగా పూర్తిగా రాలేదు. కాలము గడచినకొలది రంగు క్రమముగా చిక్కనగుచుండెను. మొదట చూచిన కొలతకును, తరువాత చూచిన కొలతకును పొత్తు కుదురలేదు. ఇట్టి సందర్భమున పొరపాటు జరిగినదనుకొని ఆ అంకెలను త్రోసివేయుట తేలిక. సుబ్బారావు అట్లు చేయలేదు. రంగు ఆలస్యముగా వచ్చుటకు కారణముండవలెనని తలచి, ఫిస్కేతో కలిసి దాని వెంటబడెను.

కండరములో భాస్వరము వేరొక పదార్థముతో చేరియున్నదనియు, ఆమ్లద్రావణములో ఆ జంట మెల్లమెల్లగా విడిపోవుటచేతనే రంగు పెరుగుచున్నదనియు వారు కనుగొనిరి. ఆ జంట పదార్థమే ఫాస్ఫోక్రియాటిను. కండరము పనిచేసినపుడు అది తరుగును. విశ్రమించినపుడు మరల సమకూరును. 1927వ సంవత్సరమున వారు దీనిని లోకమునకు వెల్లడించిరి. కండరపు శక్తికి లాక్టికామ్లమే ఆధారమని అంతవరకు శాస్త్రజ్ఞులు నమ్మియుండిరి. ఆ సిద్ధాంతము నిర్మించిన ఇద్దరు పండితులకు 1922వ సంవత్సరపు నోబెలు బహుమానమును లభించియుండెను. ఆలస్యముగా వచ్చిన ఒక నీలిరంగు ఆ నమ్మకమును కదలించినది. 1929వ సంవత్సరమున, జీవకణములన్నిటికి శక్తినిచ్చు ఏ.టి.పి. అను పదార్థమును కూడ ఫిస్కే, సుబ్బారావులు వేరుపరచిరి. అదే కాలమున జర్మనీలో లోమన్ అను శాస్త్రజ్ఞుడును స్వతంత్రముగా దానిని కనుగొనెను.

1940వ సంవత్సరమున సుబ్బారావు హార్వర్డును విడిచి, న్యూయార్కు రాష్ట్రములోని లెడర్లీ ప్రయోగశాలలలో చేరి, పరిశోధనలకు నాయకుడయ్యెను. ఆయన నాయకత్వమున శాస్త్రజ్ఞులు ఫోలికామ్లమును కృత్రిమముగా తయారుచేసి 1945వ సంవత్సరమున ప్రకటించిరి. స్ప్రూ రోగుల రక్తహీనతను ఆ మందు పోగొట్టునని వైద్యులు చూచిరి. సోదరులను బలిగొన్న వ్యాధికి ఆయన ఇట్లు బదులు చెప్పెను. బోదకాలు వ్యాధికి వాడు హెట్రజాను, అనేక క్రిములను చంపు ఆరియోమైసిను, పిల్లల రక్తక్యాన్సరును కొంతకాలము అణచగలిగిన అమినాప్టెరిను మొదలగు మందులు ఆయన పర్యవేక్షణలోని ప్రయోగశాలలనుండియే వెలువడినవి.

ఆయన తన పేరును చాటుకొనుటకు ఇష్టపడలేదు. సహచరులను ముందు నిలిపి తాను వెనుక నుండెను. అమెరికా పౌరసత్వమును స్వీకరింపలేదు. స్వదేశమునకు తిరిగి రాలేదు. 1948వ సంవత్సరము ఆగస్టు నెలలో, ఏబదిమూడేండ్ల వయస్సున, నిద్రలోనే మరణించెను. 1995వ సంవత్సరమున, ఆయన శతజయంతి సందర్భమున, భారత ప్రభుత్వము ఆయన చిత్రముతో తపాలాబిళ్లను వెలువరించెను.

సిర్కాలోని ఆమ్లమును కొలుచు విద్యార్థికి ఒక్కొక్కప్పుడు రెండు మారుల కొలతలు ఒకదానితో నొకటి పొసగవు. ప్రక్కనున్న వాని అంకెను చూచి తన అంకెను దిద్దుకొనవలెనని అప్పుడు మనసు పుట్టును. ఆదోనిలో నైనను, హార్వర్డులో నైనను ఆ మోహము ఒక్కటియే. తనకు కనబడిన దానిని కనబడినట్లే వ్రాసి, అది ఏల అట్లయ్యెనని విచారించు బాలుడు సుబ్బారావు నడచిన బాటలో తొలి అడుగు వేసినవాడగును.