సరోజినీ నాయుడు

సరోజినీ నాయుడు (ఫిబ్రవరి 13, 1879 - మార్చి 2, 1949) స్వాతంత్ర్య సమర యోధురాలు, ఆంగ్ల కవయిత్రి, భారత జాతీయ కాంగ్రెసుకు అధ్యక్షత వహించిన తొలి భారతీయ మహిళ. ఈమె భారత కోకిలగా ప్రసిద్ధురాలు. హైదరాబాదులో నాంపల్లి స్టేషను రోడ్డులోని గోల్డెన్ త్రెషోల్డ్ అనే ఇల్లు ఈమె జ్ఞాపకాలకు నిలయం.

బాల్యం, విద్య

సరోజిని హైదరాబాదులో స్థిరపడిన ఒక బెంగాలీ కుటుంబంలో జన్మించింది. తల్లి వరదసుందరీ దేవి. తండ్రి అఘోరనాథ ఛటోపాధ్యాయ ఎడిన్‌బరో విశ్వవిద్యాలయంలో డాక్టరేటు పొంది, తరువాత నిజాం కళాశాలగా మారిన హైదరాబాదు కళాశాలను నడిపాడు. 1883లో చాందా రైల్వే పథకాన్ని వ్యతిరేకించినందుకు ఆయనను నిజాం ప్రభుత్వం రాజ్యం నుండి బహిష్కరించింది. ఆ తరువాత ఆయన తిరిగి రాగలిగాడు.

సరోజిని పన్నెండేళ్ళకే మద్రాసు విశ్వవిద్యాలయపు మెట్రిక్యులేషన్ పరీక్షలో ఉత్తీర్ణురాలైంది. తండ్రిని వెళ్ళగొట్టిన రాజ్యమే కుమార్తెకు ఉపకార వేతనమిచ్చి 1895లో ఇంగ్లాండు పంపింది. ఆమె లండనులోని కింగ్స్ కళాశాలలోను, కేంబ్రిడ్జిలోని గిర్టన్ కళాశాలలోను చదివి, పట్టా పొందకుండానే 1898లో తిరిగివచ్చింది.

వివాహం, సాహిత్యం

1898 డిసెంబరులో మద్రాసులో డా. ముత్యాల గోవిందరాజులు నాయుడుతో ఆమె వివాహం జరిగింది. కులాంతర వివాహాలు అరుదైన ఆ రోజుల్లో ఈ పెళ్ళిని కందుకూరి వీరేశలింగం జరిపించాడు. వీరికి నలుగురు సంతానం.

తొలి కవితా సంపుటి ది గోల్డెన్ త్రెషోల్డ్ 1905లో లండనులో వెలువడింది. ఇంటికి వచ్చిన పేరు దీనిదే. తరువాత ది బర్డ్ ఆఫ్ టైమ్ (1912), ది బ్రోకెన్ వింగ్ (1917) వచ్చాయి. ఆ పిమ్మట ఆమె జీవించి ఉండగా కొత్త సంపుటి రాలేదు. ఉద్యమం ఆమె కాలాన్నంతటినీ తీసుకున్నది.

స్వాతంత్ర్యోద్యమం

1908లో మూసీ వరద బాధితులకు చేసిన సేవకుగాను బ్రిటిష్ ప్రభుత్వం ఆమెకు కైజర్-ఇ-హింద్ పతకాన్నిచ్చింది. జలియన్‌వాలా బాగ్ మారణకాండ తరువాత ఆమె దానిని తిప్పి పంపింది. 1914లో లండనులో గాంధీని కలుసుకొన్నది. 1917లో స్త్రీలకు ఓటు హక్కు కోరుతూ మాంటేగును కలిసిన ప్రతినిధి వర్గానికి నాయకత్వం వహించింది. 1925లో కాన్పూరు కాంగ్రెసుకు అధ్యక్షురాలైంది.

1930 మే నెలలో గాంధీ, అబ్బాస్ త్యాబ్జీ అరెస్టయిన పిమ్మట ధరాసనా ఉప్పు సత్యాగ్రహ భారం ఆమెపై పడింది. పోలీసులు లాఠీలతో కొట్టినా సత్యాగ్రహులు చెయ్యెత్తలేదు. 1942లో క్విట్ ఇండియా ఉద్యమంలో అరెస్టయి, పూణెలోని ఆగాఖాన్ భవనంలో గాంధీతో పాటు నిర్బంధంలో ఉన్నది.

1947 ఆగస్టు 15న యునైటెడ్ ప్రావిన్సెస్ (తరువాతి ఉత్తర ప్రదేశ్) గవర్నరుగా బాధ్యతలు స్వీకరించి, స్వతంత్ర భారతదేశంలో తొలి మహిళా గవర్నరు అయింది. ఆ పదవిలో ఉండగానే లక్నోలో మరణించింది.

గోల్డెన్ త్రెషోల్డ్

ఈ ఇల్లు ఆమె తండ్రి నివాసం. పండితులు, కవులు, సంస్కర్తలు, మతభేదం లేకుండా నగర ప్రముఖులు ఇక్కడికి వచ్చేవారు. గాంధీ కూడా ఈ ఇంటికి అతిథిగా వచ్చాడు. పశ్చిమ బెంగాల్ గవర్నరుగా పనిచేసిన కుమార్తె పద్మజా నాయుడు కాలంలో ఇది విద్యా సంస్థకు చెందింది. 1974లో ఏర్పడిన హైదరాబాదు విశ్వవిద్యాలయానికి తొలి ప్రాంగణం ఇదే. ప్రధాన ప్రాంగణం గచ్చిబౌలికి తరలిన పిమ్మట, సరోజిని పేరుతో ఏర్పడిన కళల విభాగం ఇక్కడ నడిచింది. సందర్శకులు నాంపల్లి రైల్వే స్టేషను నుండి ఈ భవనాన్ని సులభంగా చేరుకోవచ్చు.