రేఖకు సమీకరణము నొసగిన డెకార్టు

సరళరేఖలు, వాటి వాలు, బిందువుల నిరూపకములు అను మాటలు పరీక్షాపత్రములలో మన విద్యార్థులకు తరచుగా ఎదురగుచుండును. ఈ గణితమార్గమును లోకమునకు జూపిన వారిలో ముఖ్యుడగు రెనే డెకార్టు చరిత్రమును సంగ్రహముగా తెలుపదలచితిమి.

డెకార్టు 1596 మార్చి 31వ తేదీన ఫ్రాన్సు దేశమందలి లాహే అను చిన్న పట్టణమున జన్మించెను. ఆ పట్టణము నేడు ఆతని పేరుతోనే పిలువబడుచున్నది. రెండవ యేటనే తల్లిని గోల్పోయి, అమ్మమ్మ పోషణలో పెరిగెను. లా ఫ్లేష్ విద్యాలయమున చదువునపుడు, దుర్బల శరీరుడగుటచే ఉదయము ఆలస్యముగ లేచుటకు గురువు లనుమతించిరి. పడకయందే ఆలోచించుకొను ఆ యలవాటు పెద్దయైన పిదపయు నిలిచెను. 1616లో న్యాయశాస్త్రమున పట్టము పొంది, 1618లో హాలెండు దేశమున సైన్యమున జేరెను. అచట బేక్మన్ అను పండితుని స్నేహము ఆతని మనస్సును గణితమువైపు త్రిప్పెను. 1628లో ఆ దేశముననే స్థిరపడి, ఇరువది యేండ్లు గడపెను.

1637లో లైడెన్ నగరమున ఆతని గ్రంథము ప్రకటితమయ్యెను. దాని యనుబంధమగు రేఖాగణిత భాగమున, వక్రరేఖలను సమీకరణములచే తెలుపవచ్చునని నిరూపించెను. తెలియని రాశులకు ఎక్స్, వై, జెడ్ అను అక్షరములను వాడుట ఆతనితోనే స్థిరపడెను. ఆ కాలముననే ఫెర్మా అను మరియొక ఫ్రెంచి పండితుడును స్వతంత్రముగ ఈ మార్గమును కనుగొనెను గాని, ఆతని రచన 1679 వరకు అచ్చుకాలేదు. మనము గీయు లంబాక్షముల పద్ధతిని తరువాతివారు చక్కదిద్దిరి.

1649లో స్వీడన్ రాణి క్రిస్టినా ఆహ్వానముపై డెకార్టు స్టాక్‌హోమ్ చేరెను. తీవ్రమైన చలిలో తెల్లవారుజామున 5 గంటలకే ఆమెకు పాఠము చెప్పవలసివచ్చెను. 1650 ఫిబ్రవరి 11వ తేదీన ఊపిరితిత్తుల వ్యాధితో మరణించెను.

స్పష్టముగ తెలియనిదానిని సత్యమని గ్రహింపరాదు. కష్టమును భాగములుగ విభజింపవలెను. సులభమైన దానినుండి క్రమముగ సాగవలెను. తుదకు అంతయు సరిచూడవలెను. ఇవి ఆ గ్రంథమున ఆతడు తెలిపిన నాలుగు నియమముల సారాంశము. పరీక్షలో ఒక రేఖ (1, 2), (3, 8) అను బిందువులగుండ పోవుచున్నదని ఇచ్చిరనుకొందము. మొదట భేదములను గుర్తింపవలెను: వై భేదము 6, ఎక్స్ భేదము 2. మొదటి దానిని రెండవదానిచే భాగింపగా వాలు 3. ఎక్స్ విలువ 1 అయినపుడు వై విలువ 2 కావలెను గనుక, 3 రెట్ల ఎక్స్ నుండి 1 తీసివేసిన వై వచ్చును. ఇదియే సమీకరణము. రెండవ బిందువుతో సరిచూచిన, 9 నుండి 1 పోగా 8 వచ్చుచున్నది. తొందరలో విడువబడునది ఈ తుదిమెట్టే. మార్కులు పోవునదియు తరచుగ ఇచ్చటనే.

మరియొక విశేషము. పండితులు లాటినున వ్రాయు ఆ దినములలో, పరభాషా ప్రాంతమున నివసించుచుండియు, డెకార్టు ఈ గ్రంథమును తన మాతృభాషయగు ఫ్రెంచిలో వ్రాసెను. లాటిను రానివారును తమ బుద్ధితో దానిని పరిశీలింపవలెనని ఆతని కోరిక. ఆతడు లాటినును నిర్లక్ష్యము చేయలేదు. అందును గొప్ప గ్రంథములను రచించెను. తెలుగున గణితము నేర్చిన బిడ్డ వెనుకబడునేమో యని శంకించు తల్లిదండ్రులు ఈ సంగతి గమనింపగోరెదము. ఇచటి ప్రాంతభాషను, ఇంగ్లీషును మన పిల్లలు శ్రద్ధతో నేర్వవలసినదే. కాని రేఖ వాలు ఏ భాషలో లెక్కించినను 3 గానే యుండును.