సుబ్బారావు గారి నీలిరంగు

ఇంటర్‌దాకా బయాలజీ చదివిన వాళ్లయినా, టెన్త్‌తో వదిలేసిన వాళ్లయినా ఏటీపీ పేరు వినే ఉంటరు. కణానికి శక్తినిచ్చే ఆ పదార్థాన్ని 1929లో కండరాల నుంచి వేరుచేసిన వాళ్లలో ఒక తెలుగాయన ఉన్నారని నాకు బీటెక్‌కి వచ్చాకే తెలిసింది. ఆయన యల్లాప్రగడ సుబ్బారావు గారు.

1895 జనవరి 12న భీమవరంలో పుట్టారు. టాపరేం కాదు. మెట్రిక్యులేషన్ మూడో ప్రయత్నంలో గట్టెక్కారు. అన్నదమ్ములిద్దరు కొద్దిరోజుల తేడాతో స్ప్రూ అనే పేగుల జబ్బుతో పోయారు. మద్రాసు మెడికల్ కాలేజీలో ఖద్దరు వేసుకున్నందుకు సర్జరీ ప్రొఫెసర్‌కి కోపమొచ్చింది. చివరికి ఎంబీబీఎస్ బదులు ఎల్ఎంఎస్ సర్టిఫికెట్ చేతికొచ్చింది.

1923లో బోస్టన్ చేరారు. చదువు ఖర్చుల కోసం ఆస్పత్రిలో రాత్రిపూట పనివాడిగా చేశారు. తర్వాత హార్వర్డ్‌లో సైరస్ ఫిస్క్ దగ్గర చేరి, 1925లో రక్తంలో, మూత్రంలో ఫాస్ఫరస్ ఎంతుందో కొలిచే పద్ధతి కనిపెట్టారు. నమూనాకి మాలిబ్డేట్, ఇంకో రసాయనం కలిపితే నీలిరంగు వస్తది. రంగు ఎంత ముదిరితే ఫాస్ఫరస్ అంత ఎక్కువ. మన భాషలో చెప్పాలంటే అదొక సెన్సార్: కంటికి కనపడని దాన్ని కొలవగలిగే సిగ్నల్‌గా మార్చుడు.

హార్వర్డ్ ఆయనకి శాశ్వత ఉద్యోగం ఇవ్వలేదు. 1940లో లెడర్లే కంపెనీకి మారారు. అక్కడ ఆయన టీమ్ ఫోలిక్ యాసిడ్‌ని తయారుచేసింది. తన అన్నదమ్ముల్ని తీసుకుపోయిన స్ప్రూకి అదే మందైంది. కణం పెరగడానికి ఫోలిక్ యాసిడ్ కావాలి కాబట్టి, అచ్చం దానిలాగే ఉండే నకిలీ అణువుతో క్యాన్సర్ కణాన్ని బోల్తా కొట్టించొచ్చు. అలా వచ్చిన అమినోప్టెరిన్‌ని సిడ్నీ ఫార్బర్ లుకేమియా ఉన్న 16 మంది పిల్లలకిస్తే 10 మందికి కొంతకాలం తగ్గింది. తర్వాత వచ్చిన మెథోట్రెక్సేట్ ఇప్పటికీ వాడుతున్నరు. బోదకాలు మాత్ర డీఈసీ కూడా ఆ ల్యాబ్‌దే.

మెథోట్రెక్సేట్ వాడేవాళ్లకి లివర్ దెబ్బతినొచ్చు. అందుకే మధ్యమధ్యలో రక్తపరీక్షలు తప్పవు. మా ఇచ్చోడ దిక్కు లివర్ జబ్బంటే కళ్లు పచ్చబడ్డాకే కదులుతరు. స్కానింగ్‌కి ఆదిలాబాద్, పెద్ద పరీక్షలకి హైదరాబాదో నాగపూరో పోవాలె. లివర్ క్యాన్సర్ మొదట్లో నొప్పి కూడా చూపదు. సూది లేకుండా, ఊపిరితోనే పట్టుకోవచ్చా అని ఇప్పుడు పరిశోధనలు జరుగుతున్నయి. కమలాపండు తొక్కలో ఉండే లిమోనీన్‌ని మామూలుగా లివర్ విడగొడుతుంది. సిర్రోసిస్ వస్తే ఆ పని సరిగ్గా జరగక ఊపిరిలో లిమోనీన్ పెరుగుతుంది. లివర్ క్యాన్సర్ చాలావరకు సిర్రోసిస్ మీదే వస్తుంది కాబట్టి ఇలాంటి ఆవిర్ల మీద ఆశ. కానీ తిన్న తిండి, తాగిన సిగరెట్ కూడా ఊపిరిని మారుస్తయి. అందుకే డాక్టర్లు ఇంకా స్కానింగ్‌నే నమ్ముతున్నరు. ఏ సిగ్నల్ జబ్బుది, ఏది తిండిది అని విడదీసే పని ఈసీఈ, సీఎస్ఈ వాళ్లది కూడా.

సుబ్బారావు గారు 1948 ఆగస్టులో, 53 ఏళ్లకే పోయారు. మళ్లీ ఇండియా రాలేదు. ఆయన భార్య శేషగిరి గారు ఇక్కడే ఎదురుచూస్తూ ఉండిపోయారు. ఆయన గొప్పతనం చెప్పుకునేటప్పుడు ఆమెను వదిలెయ్యకూడదు. ఈసారి ల్యాబ్‌లో కలర్‌మీటర్ ముందు కూర్చున్నప్పుడు రీడింగ్ పక్కోడిది చూసి రాసెయ్యకండి. ఆ అంకె వెనక ఎక్కడో ఒక రోగి ఉంటడు.