మూలనున్న బెత్తము - పునీత డాన్ బోస్కో జీవితము

మన తిరుమలగిరి చుట్టుపట్ల పల్లెలలో గొర్రెల కాపరి చేతికర్రను చూడనివారు లేరు. ఆ కర్రతో అతడు తుమ్మకొమ్మను వంచి మేత అందించును. దారి తప్పిన గొర్రెను మళ్ళించును. పైబడు కుక్కను తోలును. తన మందను తానే చావగొట్టు కాపరి ఉండడు. అయినను, సామెతల గ్రంథములో బిడ్డల పెంపకమును గూర్చి బెత్తము మాట వచ్చినపుడు మనలో అనేకులు ఈ సంగతి మరచి, కొట్టుటయే క్రైస్తవ తల్లిదండ్రుల విధియని తలంతురు. ఆ తలంపును తన బ్రతుకుతో సరిదిద్దిన పునీతుని ఈ శతవార్షికోత్సవ సంచికలో స్మరించుకొందము.

జాన్ బోస్కో 1815 ఆగస్టు 16న ఇటలీ దేశమున, కాస్తెల్‌నువోవో సమీపములోని బెక్కి అను కుగ్రామమున బీద రైతు ఇంట జన్మించెను. రెండేండ్లు నిండకమునుపే, 1817లో, తండ్రి మరణించెను. తల్లి మార్గరీత చదువురాని స్త్రీ. సవతి కుమారుడు ఆంటోనీని, తన బిడ్డలు జోసఫ్, జాన్‌లను, వృద్ధురాలైన అత్తగారిని ఆమె సేద్యము చేసి పోషించెను. ఇంటి మూలన ఆమె ఒక బెత్తము నుంచెను గాని, దానిని బిడ్డలపై వాడలేదని చరిత్రకారులు వ్రాసియున్నారు. ఒకనాడు ఎనిమిదేండ్ల జాన్ నూనె జాడీని పగులగొట్టెను. ఎంత తుడిచినను మరక పోలేదు. అప్పుడతడు కంచెలోని పుల్ల నొకదానిని కోసి, నున్నగా చెక్కి, ఇంటికి వచ్చుచున్న తల్లికి ఎదురేగి, జరిగినది దాచక చెప్పి, పుల్లను ఆమె చేతికిచ్చెను. ఆమె నవ్వి, ముందువెనుకలు చూచుకొని మెలగవలెనని బుద్ధిచెప్పి క్షమించెను. దెబ్బకు జడిసిన బిడ్డ అబద్ధమాడును. తల్లిని నమ్మిన బిడ్డ తప్పు ఒప్పుకొనును.

తొమ్మిదేండ్ల ప్రాయమున జాన్‌కు ఒక స్వప్నము వచ్చెను. దుర్భాషలాడు బాలురపై అతడు పిడికిళ్ళతో పడగా, దెబ్బలతో గాక సాత్వికముతోను ప్రేమతోను వారిని గెలువవలెనని ఒక దివ్యపురుషుడు తెలిపెను. దెబ్బల బాధ అతడెరుగనిది కాదు. పొలము పని మాని పుస్తకము పట్టుచున్నాడని అన్న ఆంటోనీ అతనిని కొట్టెడివాడు. ఆ పోరు పడలేక పన్నెండేండ్ల వయసున ఇల్లు విడిచి, పరుల ఇంట పాలేరుగా కుదిరెను.

1841 జూన్ 5న టూరిన్ నగరమున ఆయన గురుపట్టము పొందెను. పనికై వలస వచ్చిన పల్లె బాలురు వీధుల పాలై, చెరసాలలు చేరుట చూచి చలించెను. ఆ డిసెంబరు 8న, దివ్యబలిపూజకు సిద్ధపడుచుండగా, పూజలో సేవ చేయుట రాదన్నందుకు గుడి పరిచారకుడు బర్తొలోమియో గరెల్లి అను అనాథ బాలుని కొట్టి తరిమెను. ఆ బాలుడు తన స్నేహితుడని చెప్పి, డాన్ బోస్కో అతనిని వెనుకకు పిలిపించి, పూజానంతరము సత్యోపదేశము ప్రారంభించెను. ఆ ఒక్కనితో మొదలైన కూటమి వందలకు పెరిగి 1846లో వాల్దొక్కోలో స్థిరపడెను. ఆ యేడే తల్లి మార్గరీత వచ్చి, 1856లో మరణించువరకు ఆ బాలురందరికి తల్లియై వండి పెట్టెను. 1859లో సలేషియన్ సభ స్థాపితమాయెను.

1877లో ఆయన తన పెంపక పద్ధతిని వివరించి వ్రాసెను. వివేకము, దైవభక్తి, వాత్సల్యము దానికి మూడు స్తంభములు. తప్పు జరిగిన పిమ్మట దండించుట కంటె, జరుగకమునుపే చెంతనుండి కాపాడుట మేలని దాని సారము. ఇది అదుపులేని పెంపకము కాదు. కొట్టరాదు, నలుగురిలో అవమానింపరాదు, కోపము చల్లారిన పిమ్మట ఏకాంతమున మందలింపవలెను. తనను ప్రేమించు పెద్దలు కొంతసేపు ముభావముగ నుండుటయే బిడ్డకు చాలిన శిక్ష. బెత్తము పని క్షణములో ముగియును. చెంతనుండుటకు ఓర్పు కావలెను.

ఆయన 1888 జనవరి 31న పరమపదించెను. 1906లో సలేషియన్ గురువులు మన దేశమున తంజావూరు చేరిరి. 1934 ఏప్రిల్ 1న పదకొండవ పయస్ పోపుగారు ఆయనను పునీతునిగ ప్రకటించిరి. 2009 నాటి విద్యాహక్కు చట్టము మన బడులలో పిల్లలను కొట్టుటను నిషేధించినది. మన వంటింటి మూలనున్న బెత్తము సంగతి మాత్రము మన మనస్సాక్షియే చూడవలెను.

కూలినాలి చేసి అలసి వచ్చిన వేళ చేయి లేవని తల్లిదండ్రులు అరుదు. మొక్కను వంచవలెనే గాని విరువరాదు. నేడు చేయి చేసుకొన్నవారు, రాత్రి కుటుంబ ప్రార్థనకు ముందు ఆ బిడ్డను దగ్గరకు తీసికొందురు గాక. అట్టి ఓర్పును ప్రభువు మనకు దయచేయును గాక.