శ్రీ గిడుగు వేంకట రామమూర్తి పంతులుగారి విద్యాదీక్ష

ప్రతివత్సరమును మన మహాసభయందు పరీక్షలలో నెగ్గిన బాలబాలికలకు పతకములును, బీదవిద్యార్థులకు వేతనములును ఒసగుట ఆచారమైయున్నది. ఇది మెచ్చదగిన ఆచారమే. కాని పతకమందుకొన్న బాలుడు మరునాడు ఆ పుస్తకమును ప్రేమతో తెఱచునా, పరీక్ష ముగిసినదిగదా యని మూలకు త్రోయునా యను ప్రశ్న మాకు చిరకాలముగా తోచుచున్నది. ఓడరేవునకును ఉక్కు కర్మాగారమునకును పేరొందిన ఈ విశాఖపట్టణమున బిడ్డల ర్యాంకులకై తలిదండ్రులు పడు ఆరాటమును చూచువారికి ఈ ప్రశ్న బరువు తెలియకపోదు. దీనికి ఉపన్యాసముకంటె ఒక మహనీయుని జీవితమే మేలైన సమాధానమని యెంచి, శ్రీ గిడుగు వేంకట రామమూర్తి పంతులుగారి చరిత్రమును ఇచట సంగ్రహముగా పొందుపఱచుచున్నాము. ఆయన ఏ కులమువారని మేమెన్నలేదు. విద్యనాశించు వారికందఱకును ఆయన పెద్దదిక్కు.

పంతులుగారు 1863వ సంవత్సరము ఆగస్టు 29వ తేదీని శ్రీముఖలింగమునకు చేరువనున్న పర్వతాలపేటలో జన్మించిరి. తండ్రి వీర్రాజుగారు రెవెన్యూ ఉద్యోగి. ఆయన చోడవరమునకు బదిలీయై, 1875లో విషజ్వరమున గతించిరి. పండ్రెండేండ్ల బాలునికి విశాఖపట్టణమున మేనమామగారి యిల్లే ఆశ్రయమైనది. పిమ్మట విజయనగరమున మహారాజావారి ఇంగ్లీషు పాఠశాలలో చదివి, 1879లో మెట్రిక్యులేషను పరీక్షయందు ఉత్తీర్ణులైరి. మహాకవి గురజాడ అప్పారావుగారు అచట వారికి సహాధ్యాయులు. తండ్రిలేని పిల్లవానికి ఆ పరీక్ష కూడు పెట్టు సాధనము. 1880లో పర్లాకిమిడి రాజావారి పాఠశాలలో నెలకు 30 రూపాయల జీతముపై చరిత్రోపాధ్యాయ పదవి లభించుట ఆ పరీక్ష ఫలమే. కావున పరీక్షను, జీతమును తృణీకరించుమని ఈ చరిత్రము చెప్పుచున్నదని యెవ్వరును భ్రమపడరాదు. ఉద్యోగము చేయుచునే ఆయన ప్రయివేటుగా చదివి ఎఫ్.ఏ., బి.ఏ. పరీక్షలను సయితము నెగ్గిరి.

అయినను ఆయనను రామమూర్తి పంతులుగారిని చేసినది పరీక్షలలో లేని చదువు. ముఖలింగ దేవాలయమున గోడలపైని శాసనములను చూచి, పురాతన లిపిని తమంతట తాము నేర్చి, వానిని చదివిరి. దీనికి మార్కులు లేవు. పర్లాకిమిడి చుట్టునుగల కొండలలో నివసించు సవరలు సంతలకు వచ్చుట చూచి, వారి భాష నేర్చి వారికి చదువు చెప్పవలెనని సంకల్పించిరి. ఆ భాషకు లిపి లేదు, వ్యాకరణము లేదు, నిఘంటువు లేదు. అది మన తెలుగువంటి ద్రావిడభాష గాక ముండా కుటుంబమునకు చెందినది. తెలుగును సవరయు నెఱిగిన యొకనిని ఇంట నుంచుకొని మాటమాటయు నడిగి నేర్చుకొనిరి. ఆ భాషలోని ధ్వనులను సరిగా వ్రాయుటకై ధ్వనిశాస్త్రమును స్వయముగా అభ్యసించిరి. కొండలలో తిరుగుటచే మలేరియా సోకగా, క్వినైను అధికముగా సేవించుటచే వినికిడి తగ్గెను. ధ్వనులను పట్టుకొనుటయే పనిగా గలవానికి చెవులు పోవుట యెంతటి కష్టమో పాఠకులే యూహింపవలెను. ఆయన మాత్రము పని విడువలేదు.

సవరభాషలో వాచకములు వ్రాసి, స్వంత సొమ్ముతో పాఠశాలలు పెట్టి, ఉపాధ్యాయులకు జీతములు తామే యిచ్చిరి. ఈ కృషికి మదరాసు ప్రభుత్వమువారు పారితోషికము నీయబోగా, ఆ ధనముతో సవరలకు బడి పెట్టవలసినదని కోరిరి. 1913లో రావుబహద్దరు బిరుదమును, తరువాత కైజర్-ఇ-హిందు పతకమును వచ్చినవి. 1931లో సవరభాషా వ్యాకరణమును, 1938లో సవర-ఇంగ్లీషు నిఘంటువును ప్రకటితములైనవి. అనగా బిరుదము వచ్చిన పదునెనిమిదేండ్లకు వ్యాకరణము, ఇరువదియైదేండ్లకు నిఘంటువు. బిరుదమునకై చేసిన పనియైనచో 1913తోనే ముగిసియుండెడిది.

ఆయన తమకు లోపల గల్గిన ఈ రుచి విద్యార్థులందఱకును గలుగవలెనని కోరిరి. 1906లో ఉత్తరసర్కారులలో పాఠశాలల తనిఖీ అధికారిగానుండిన యేట్సుదొర తెలుగు నేర్చుకొనుచు, బడిలోని తెలుగునకును వీథిలోని తెలుగునకును గల దూరమును చూచి ఆశ్చర్యపడెను. అప్పటి నుండి విశాఖపట్టణమున ఏ.వి.ఎన్. కళాశాలాధ్యక్షులైన పి.టి. శ్రీనివాస అయ్యంగారును, గురజాడవారును, పంతులుగారును తెలుగు బోధన సంస్కరణకై పాటుపడిరి. బాలుడు తనకు తెలియని మాటలను బట్టీపట్టి, తన భావమును గాక ఇతరుల పదములను ఒప్పగించుటచే చదువునందు విసుగు పుట్టునని పంతులుగారి మతము. 1912-13 ప్రాంతమున స్కూలుఫైనలు పరీక్షలో వ్యావహారికమున వ్యాసము వ్రాయుటకు అనుమతి లభించినను, ప్రతిపక్షుల ఆందోళనమువలన కొలదికాలములోనే అది రద్దయ్యెను. ఆ ఓటమి పిమ్మటనే 1919లో తెలుగు అను పత్రికను స్థాపించి యుద్యమమును సాగించిరి. ఈ వ్యాసము గ్రాంథికమున నుండుట చూచి పాఠకులు నవ్వుకొనవచ్చును. ఆయన గ్రాంథికము రాక దానిని కాదన్నవారు గారు. గ్రాంథికవాదుల రచనలలోనే తప్పులు చూపగల పాండిత్యము వారిది.

1936 ఏప్రిలు 1వ తేదీని ఒరిస్సా రాష్ట్రము ఏర్పడగా, పర్లాకిమిడి అందు చేరినందుకు నొచ్చుకొని, అర్ధశతాబ్దికి పైగా నివసించిన ఆ యూరిని విడిచి రాజమహేంద్రవరము చేరిరి. 1940 జనవరి 22వ తేదీని పరమపదించిరి.

ఈ జీవితము చెప్పు నీతిని తరువాతి మనశ్శాస్త్రజ్ఞులు పరిశోధించి యుండిరి. 1973లో అమెరికాదేశమున లెపర్, గ్రీన్, నిస్బెట్ అను మువ్వురు, బొమ్మలు వేయుటయందు ఇష్టముగల శిశువులను మూడు తెగలుగా చేసిరి. బొమ్మ వేసినచో బహుమతి నిత్తుమని మొదటి తెగకు ముందుగా చెప్పిరి. రెండవ తెగకు ఏమియు చెప్పక, వేసిన పిదప ఇచ్చిరి. మూడవ తెగకు ఏమియు లేదు. కొన్నిదినములైన తరువాత చూడగా, మొదటి తెగవారు బొమ్మలయెడ గడపు కాలము మిగిలినవారి కాలములో ఇంచుమించు సగమేయాయెను. అనుకోకుండ బహుమతి పొందినవారి యిష్టము తగ్గలేదు. పంతులుగారికి బిరుదములు వచ్చినదియు నిట్లే. పని ముందు, బిరుదము వెనుక.

కావున మన సంఘీయులకు మేము విన్నవించునది యేమనగా, బీదవిద్యార్థుల వేతనములను ఎన్నడును తగ్గింపరాదు. అవి ఆశ చూపు బహుమతులు గావు, తండ్రిలేని బాలునికి మేనమామ యిల్లువంటివి. కాని పతకములకు వ్యయమగు ధనములో కొంత భాగము మన వసతిగృహములలో గ్రంథాలయములకు కేటాయింపవలెను. పాఠ్యప్రణాళికలో లేని విద్యను తన యిష్టముచే సాధించిన విద్యార్థి యున్నచో, ముందుగా ప్రకటింపక, వెదకి పిలిచి సన్మానింపవలెను. తలిదండ్రులు సాయంకాలము బిడ్డను ఎన్ని మార్కులని యడుగుటకు ముందు ఏమి క్రొత్తగా తెలిసినదని యడుగవలెను. ఈ మూడింటిలో నొకటియైనను వచ్చు మహాసభనాటికి ఆచరణమునకు వచ్చునని ఆశించుచున్నాము.