సారా విన్నెమక్కా

పరుల పాలనలో నలిగిన జాతి తన మొరను తానే వినిపింపలేకున్న, దాని చరిత్రను కూడ పరులే వ్రాయుదురు. ఈ సత్యమును గ్రహించి, తాను నేర్చిన చదువును స్వజాతికి ధారవోసిన వనిత సారా విన్నెమక్కా.

అమెరికా సంయుక్త రాష్ట్రములలోని నెవాడా ప్రాంతమున, పాయూటులను ఆదిమజాతియందు సుమారు 1844లో ఈమె జన్మించెను. తాత ట్రకీయు, తండ్రి విన్నెమక్కాయు జాతిపెద్దలు. తాత తెల్లవారి మైత్రిని గోరినవాడు. కాని గనులకును పచ్చికబయళ్లకును వచ్చిన వలసవారు ఆ జాతి భూములను క్రమముగా ఆక్రమించిరి. సారా ఇంగ్లీషు, స్పానిషు భాషల నభ్యసించి సైన్యమునకు దుబాసి యయ్యెను.

1878లో బానకు యుద్ధము జరిగెను. అందు పాల్గొనని పాయూటులను సైతము మరుసటి యేటి మొదట మంచులో నడిపించి, దూరమందలి యాకిమా ప్రాంతమునకు తరలించిరి. త్రోవలో శిశువులును వృద్ధులును మరణించిరి. అధికారుల హామీలను తన నోట పలికినందులకు సారానే స్వజనులు నిందించిరి. ఆ వేదనతో ఆమె 1880లో రాజధానికేగి, మంత్రి కార్ల్ షుర్జునొద్ద, తనవారు స్వస్థలమునకు మరలుటకు ఆజ్ఞాపత్రమును సంపాదించెను. స్థానికాధికారి దానిని అమలు జరుపనీయలేదు.

అంతట ఆమె ప్రజలనే ఆశ్రయించెను. బోస్టను మున్నగు నగరములలో ఉపన్యసించి, 1883లో తన జాతిచరిత్రను గ్రంథముగా ప్రకటించెను. తెల్లవారి దౌర్జన్యమునకు వెరచి పాయూటు స్త్రీలు పడిన బాధను అందు దాచక వ్రాసెను. తమ జాతిసభలలో స్త్రీలు ఆలోచన చెప్పుదురనియు, అమెరికా శాసనసభలో స్త్రీలున్నచో తమవారికి న్యాయము శీఘ్రముగా జరుగుననియు వాదించెను. అనాగరకులని పేరుబడినవారి సభలో స్త్రీకి చోటుండెను; నాగరకుల దేశమున 1920వరకు లింగభేదము ఓటునకు అడ్డుగనే నిలిచెను. ఆమె వాదమునకు బదులు చెప్పజాలని యధికారులు ఆమె శీలమునకు కళంక మంటగట్టజూచిరి.

1885లో లవ్‌లాక్ సమీపమున, సోదరుడు నాచెజ్ భూమిలో ఆమె పాఠశాల నెలకొల్పెను. ప్రభుత్వపు బడులు బిడ్డలను తల్లిదండ్రులకు దూరముచేసి మాతృభాషను మాన్పించుచుండగా, ఈమె పాయూటు భాష యాధారముగనే ఇంగ్లీషు నేర్పెను. ఎలిజబెత్ పీబడీ యను విదుషి ధనసాహాయ్య మొనర్చెను. ప్రభుత్వము మాత్రము చేయూత నీయలేదు. కొలది యేండ్లకే బడి మూతపడెను. 1891లో సారా కన్నుమూసెను.

స్త్రీలకు చోటు కావలెనని ఆమె కోరిన ఆ శాసనసభా భవనమున, 2005లో నెవాడా రాష్ట్రము ఆమె విగ్రహమును నిలిపెను. గౌరవము ఆలస్యముగనైన వచ్చినది. కాని ఆమె కోరినది విగ్రహము గాదు. తన జాతి బిడ్డలకు తమ భాషలో బడి. మాతృభాషను విడనాడకయే విద్య నార్జింపవచ్చునని చూపిన ఆ చిన్న పాఠశాలయే ఆమెకు నిజమైన స్మారకము.